పుస్తకానికి పంచాయితీ

మొన్న మా బడికి కొత్త బొమ్మల పుస్తకాల డబ్బా వచ్చింది. చుట్టిన టేపును కత్తెరతో కోసి మూత తెరిచానో లేదో, జిగురూ సిరా కలిసిన పచ్చి వాసన గుప్పున ముఖానికి కొట్టింది. కొందరికి ఆ వాసనతో చిన్నతనం గుర్తొస్తుందంటారు. నాకు సునంద టీచర్ గుర్తొస్తుంది. ఆమెతో పాటు కడుపులో మంట కూడా వస్తుంది. ఆమె పోయి చాన్నాళ్ళయింది గానీ మంట మాత్రం ఎక్కడికీ పోలేదు. పిల్లలు డబ్బా మీదికి ఎగబడ్డారు. మూడో తరగతి పిల్ల ఒకతె తేనెటీగల పుస్తకం లాక్కుని, ముందు అట్ట వైపు కన్నెత్తి చూడకుండా, నేరుగా ఆఖరి పేజీ తిప్పింది. రాసిందెవరు, బొమ్మలు వేసిందెవరు, ఎవరిని అడిగి తెలుసుకున్నారు అని వేలు పెట్టి వెతకసాగింది. ఆ అలవాటు ఆ పిల్లకు నేనే నేర్పాను. చూసినవాళ్ళు విజయ టీచర్ ఎంత బాగా నేర్పిందో అంటారు. నేను కూడా అవునన్నట్టు తలూపుతాను. కానీ అది నా సొమ్ము కాదు. సునందది. ఆ సంగతి ఈ బడిలో నాకొక్కదానికే తెలుసు.

మడికొండ దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్ళో అప్పట్లో మేమిద్దరం పనిచేసేవాళ్ళం. ఇప్పుడక్కడ అపార్టుమెంట్లు లేచాయి, అద్దాల ఆఫీసులు వచ్చాయి. అప్పుడు బడి ప్రహరీ దాటితే పత్తి చేలే. చదివేవాళ్ళంతా కూలికి పోయేవాళ్ళ పిల్లలు. నేను వరంగల్లు కాశిబుగ్గ నుంచి స్కూటీ మీద, వెనకాల మా అమ్మాయి కీర్తిని కూర్చోబెట్టుకుని వచ్చేదాన్ని. టీచరమ్మ అయ్యుండి సొంత బిడ్డను సర్కారు బడిలో వేసిందని మా అత్తగారు సణిగేది. నా బిడ్డకు నాకన్నా బాగా ఎవరు చెబుతారని నా ధీమా. ధీమాకు కారణం ఉంది. కథ చెప్పడంలో ఆ మండలంలో నన్ను మించినవాళ్ళు లేరు. పులి గొంతు, ముసలమ్మ గొంతు, వాన చప్పుడు అన్నీ నా నోట్లోనే ఉండేవి. నేను పుస్తకం చేతిలోకి తీసుకుంటే మూడో తరగతి పిల్లలు నోళ్ళు తెరుచుకుని కూర్చునేవాళ్ళు. ఆ తెరుచుకున్న నోళ్ళలో నా కీర్తి నోరు ఒకటి.

సునంద బదిలీ మీద వచ్చిన రోజున ఆమెను పైనుంచి కిందిదాకా చూశాను. నాకన్నా చిన్నది. సన్నగా, పొడుగ్గా, గంజి పెట్టిన నూలు చీరలో ఉంది. నోరు విప్పితే బొంగురు గొంతు. పాట రాదట, అభినయం రాదట. ఆ మాట తనే చెప్పింది. హమ్మయ్య అనుకున్నాను. ఆమెకు నాలుగో తరగతి ఇచ్చారు. అదే నెలలో బడికి పుస్తకాల డబ్బా ఒకటి వచ్చింది. సగం కథల పుస్తకాలు. మిగతా సగం చీమలు, పళ్ళు, రైళ్ళు, వానలు, పాములు అంటూ ఉన్న సంగతులు చెప్పే బొమ్మల పుస్తకాలు. కథలన్నీ నేను ముందే ఏరుకున్నాను. మిగిలినవాటిని సునంద ముందుకు తోశాను. ఏదో పెద్ద ఉపకారం చేస్తున్నట్టు చెప్పాను కూడా.

"ఇవి నువ్వు తీస్కో సునందా. నాలుగో తరగతికి అక్కరకొస్తయ్."

"నిజంగనా అక్కా? అన్ని నాకేనా?" అంది. ఆ ముఖంలో సంతోషం చూసి పాపం అనుకున్నాను. ఎవరు పాపమో తర్వాత తెలిసింది.

వారం తిరక్కుండానే నాలుగో తరగతి గదిలోంచి గోల మొదలైంది. పిల్లలను అదుపు చెయ్యడం కూడా రాదు కాబోలని చూడ్డానికి వెళ్ళాను. పిల్లలంతా నేల మీద గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో స్టూలు. స్టూలు మీద పాముల పుస్తకం. ఊళ్ళో పెద్దమనుషులు కూర్చుని పంచాయితీ చేస్తారు కదా, అట్లా పుస్తకానికి పంచాయితీ పెట్టింది! పుస్తకానికి నోరు లేదు కాబట్టి ఒక పిల్లాడు దాని తరఫున కూర్చున్నాడు. ఎవరేమన్నా వాడు పేజీ తీసి, ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలి. మిగతావాళ్ళు పుస్తకాన్ని నిలదీయాలి. నువ్వు చెప్పే మాట నీకెవరు చెప్పారు, వాళ్ళు చూశారా విన్నారా, ఎప్పటి మాట, ఏ ఊరి మాట. జవాబు దొరక్కపోతే ఆ పుస్తకం కిటికీ గట్టు మీద నిలబడాలి. దొరికేదాకా నిలబడే ఉండాలి. తప్పు చేసిన పిల్లలను నిలబెట్టడం చూశాను గానీ పుస్తకాన్ని నిలబెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

నేను వెళ్ళేసరికి ఒక పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని వాదిస్తోంది. "పాము పాలు తాగదని రాసిన్రు. గది తప్పు. మా నాయనమ్మ పుట్టల పాలు పోస్తది. నేను పోయి చూసిన."

"ఏం చూసినవ్ బిడ్డా?" అంది సునంద. ఆమె స్టూలుకు దూరంగా, పిల్లల వెనకాల గోడకు ఆనుకుని కూర్చుంది.

"పోసుడు చూసిన."

"తాగుడు?"

పిల్ల చాలాసేపు ఆలోచించింది. "తాగుడు చూడలే" అని కూర్చుంది. నేను ఇంతటితో అయిపోయింది, పుస్తకం గెలిచింది అనుకున్నాను. సునంద అట్లా వదల్లేదు. "మరి పుస్తకం రాసినాయన చూసిండా? పాముకు పాలు పెట్టి, తాగక పోవుడు చూసిండా?" అని ఇటు తిరిగి అడిగింది. పుస్తకం తరఫు పిల్లాడు ఆఖరి పేజీ దాకా వెతికి, బిక్కముఖం వేసుకుని పుస్తకాన్ని తీసుకెళ్ళి కిటికీలో నిలబెట్టాడు. ఒకవైపు నాకు నవ్వొచ్చింది. ఇంకోవైపు, నా పిల్లలు ఎన్నడూ అట్లా ఆలోచించి కూర్చోలేదే అని గుండెలో సన్నగా ఏదో గీరుకుంది. ఆ గీరిందేమిటో అప్పుడే పోల్చుకున్నాను. కుళ్ళు. దానికి వేరే పేరు వెతకడం నాకు చేతకాదు.

ఈ మాత్రం నాకు రాదా అనుకుని, మర్నాడు మూడో తరగతిలో నేనూ పంచాయితీ పెట్టాను. స్టూలు తెచ్చాను, పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టాను, చీమల పుస్తకాన్ని చీమ గొంతు పెట్టి మరీ చదివాను. "ఎట్లుందిరా పుస్తకం?" అంటే "మంచిగుంది టీచర్!" అని ముక్తకంఠంతో అరిచారు. "ఇందుల ఉన్నది నిజమేనా?" అంటే "నిజం టీచర్!" "ఎవరికన్న అనుమానం ఉన్నదా?" అంటే "లేదు టీచర్!" పాట పాడినట్టు ముగ్గురు నలుగురు రాగం కూడా తీశారు. తలెత్తితే గుమ్మంలో సునంద. ఎప్పుడొచ్చిందో తెలియదు. తర్వాత అన్నం డబ్బాలు విప్పినప్పుడు, నేను అడక్కుండానే చెప్పింది.

"అక్కా, తప్పుగ అనుకోకున్రి. చదివేటప్పుడు మీరు ముందే నవ్విన్రు, ముందే కండ్లు పెద్దగ చేసిన్రు. పిల్లలు మీ మొకం చదివిన్రు. పుస్తకం చదవలే."

ఆ పూట అన్నం సహించలేదు. చెప్పినదాంట్లో తప్పుంటే కోపం తెచ్చుకుని ఊరుకునేదాన్ని. తప్పు లేదు. అందుకే ఒళ్ళు మండింది. ఇరవై మంది టీచర్ల ముందు మైకు పట్టుకుని కథలెట్లా చెప్పాలో శిక్షణ ఇచ్చినదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన మనిషి నా ముఖం గురించి చెబుతోంది!

అక్కడితో ఆగినా బాగుండేది. ఎండాకాలం సెలవులయ్యాక కీర్తి నాలుగో తరగతికి వెళ్ళింది. అంటే సునంద దగ్గరికి వెళ్ళింది. అంతవరకూ ఇంట్లో "మా టీచర్" అంటే నేనే. అమ్మా అని పిలిచినా, వాళ్ళ నాన్నకు బడి కబుర్లు చెప్పేటప్పుడు "మా టీచర్ ఇయ్యాల పులి కథ చెప్పింది" అని నావైపు చూసి నవ్వేది. నాలుగో తరగతి మొదలైన కొన్నాళ్ళకే ఆ మాటలో నేను లేకుండా పోయాను. మా టీచర్ ఇట్లా అడిగింది, మా టీచర్ అట్లా కూర్చుంటది, మా టీచర్ కు తెలియకపోతే తెల్వదని చెప్తది. నేను కూర తరుగుతూ వింటూ ఉండేదాన్ని.

ఒకరోజు సాయంత్రం చిక్కుడుకాయలు గిల్లుతూ కీర్తికి సొరంగం సంగతి చెప్పాను. వేయి స్తంభాల గుడి నుంచి కోట దాకా నేల కింద సొరంగం ఉందని, రాణులు అందులోంచే గుడికి వచ్చేవారని, వరంగల్లులో పుట్టిన ప్రతివాళ్ళం చిన్నప్పుడు విన్నదే. నేను చీకటిని, నీటి చుక్కల చప్పుడును, రాణి గాజుల గలగలను అన్నీ పెట్టి చెప్పాను. కీర్తి అంతా శ్రద్ధగా విని, చేతిలోని కాయ కింద పెట్టింది.

"నువ్వు పోయినవా అమ్మా సొరంగంలకు?"

"లేదే. మూసేసిన్రట."

"ఎవరు చెప్పిన్రు?"

"మా నాయన."

"తాత పోయిండా?"

"తాతకు వాళ్ళ నాయన చెప్పిండు."

"అయితే ఎవరు చూడలే" అంది. దాంట్లో వెటకారం లేదు, పొగరు లేదు. వెటకారం ఉంటే ఒకటి అంటించేదాన్ని. "అబద్ధం అంటలేనమ్మా. తెలిసినోళ్ళను అడిగేదాక నీ సొరంగం కిటికీల నిలబడ్తది, అంతే" అని మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంది. మా ఆయన పడీపడీ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నా కథ విని నా బిడ్డ నోరు తెరవలేదు. నా నోటి నుంచి వచ్చిన మాటను మొదటిసారి పక్కన పెట్టింది. ఇకముందు నేనేం చెప్పినా దాన్ని అట్లా పక్కన పెట్టి చూస్తుందేమో, నన్ను నమ్మడం అనేది ఇక ఉండదేమో అని ఆ రోజు పట్టుకున్న భయం చాలా ఏళ్ళు వదల్లేదు. ఆ భయాన్నంతా తీసుకెళ్ళి సునంద మీద పెట్టాను. నా బిడ్డను నా నుంచి లాక్కుంటున్న మనిషిగానే ఆమె నాకు కనిపించేది. ఆమెకు నేను చేసిన కీడేమీ లేదు. ఎదురుపడితే నవ్వేదాన్ని, పండక్కి పిండివంటలు పంపేదాన్ని. లోపల మాత్రం ఆమె ఎక్కడో ఒకచోట కాలు జారితే బాగుండునని ఎదురుచూస్తుండేదాన్ని.

కాలు జారే రోజు రానే వచ్చింది. పత్తి ఏరే రోజుల్లో ఎంఈఓ సార్ తనిఖీకి వచ్చారు. ముందు నా తరగతికి వచ్చి కథ విని చప్పట్లు కొట్టి, నాలుగో తరగతికి నడిచారు. నేనూ వెనకాలే వెళ్ళాను. ఆ రోజు స్టూలు మీద పత్తి పుస్తకం ఉంది. విత్తనం దగ్గర్నుంచి చొక్కా దాకా బొమ్మలు. మధ్య పేజీలో, మా గదంత పెద్ద యంత్రం ఒకటి తెల్లటి చేనులో పోతూ పత్తి ఏరుతున్న బొమ్మ ఉంది. మౌనిక అనే పిల్ల లేచింది. వాళ్ళమ్మ ఆ వేళకు ప్రహరీ అవతలి చేలోనే నడుముకు ఒడి కట్టుకుని పత్తి ఏరుతూ ఉండి ఉంటుంది.

"గిది అబద్ధం టీచర్. పత్తి మిషన్ ఏరదు. మనుషులే ఏరుతరు. మా అమ్మ దినాం పోతాంది."

పుస్తకం తరఫు పిల్లాడు వేలు పెట్టాడు. "ఈడ బొమ్మ ఉన్నది గదా."

"బొమ్మ ఎట్లనన్న ఎయ్యొచ్చు. మిషన్ కు వేళ్ళుంటయా? ఏ కాయ పగిలిందో ఏది పగల్లేదో దానికెట్ల ఎరుక? చెట్టంత పీకి పారేస్తది."

అవు, అవు అని గదంతా మోగిపోయింది. కీర్తి కూడా లేచింది. "మౌనిక చెప్పింది నిజమే టీచర్. నేను స్కూటీ మీద వచ్చేటప్పుడు తోవల దినాం చేన్లు చూస్త. ఒక్క మిషన్ కూడ లేదు." ఇంకేముంది, పుస్తకం అబద్ధమని పంచాయితీ తేల్చేసింది. నిలబెట్టడం కూడా కాదు, దాన్ని తీసి బీరువాలో పెట్టమన్నారు.

ఎంఈఓ సార్ గట్టిగా నవ్వారు. "మిషన్ ఉంటదమ్మా. వేరే దేశాలల్ల గట్లనే ఏరుతరు. ఏం టీచర్, పిల్లలు ఉన్నదాన్ని లేదంటుంటే చూసుకుంట కూసున్నరా?"

నా కడుపులో పాలు పోసినట్టయింది. ఇంతమంది ముందు, పై అధికారి ముందు, నిజం పుస్తకాన్ని అబద్ధమని తేల్చిన తరగతి! ఇప్పుడు సునంద ముఖం ఎట్లా మాడుతుందో చూద్దామని ముందుకు జరిగాను. ఆమె ముఖం మాడలేదు. లేచి నిలబడి, "నేనైతే చూడలే సార్. మీరు చూసిన్రా?" అంది. ఆమె పిల్లలను అడిగినట్టే, ఏ తేడా లేకుండా.

సార్ ఒక క్షణం తడబడి, "టీవీల చూసిన" అన్నారు.

"విన్నరా? సార్ టీవీల చూసిన్రట. మనం ఎవరం చూడలే. చూడలేదంటె చూడలేదనాలె. మనం అబద్ధం అన్నం. గిది పంచాయితేనా?"

అప్పుడు నా కూతురు లేచింది. "కాదు టీచర్. నేను మడికొండ తోవల చూసింది ఒక్కటే చెప్పాలె. గక్కడ లేకపోతె యాడ లేదన్నట్టు చెప్పిన. నా మాట తప్పు" అంది. తల వంచలేదు, కళ్ళు తుడుచుకోలేదు. చెప్పి మామూలుగా కూర్చుంది. సార్ "శభాష్" అన్నారు. ఇంట్లో గ్లాసు పగిలినా నేను కాదు పిల్లి అని ఏడ్చే పిల్ల అది. తప్పు ఒప్పుకోమని నేను ఎన్నిసార్లు బతిమాలానో, ఎన్నిసార్లు చెవి మెలిపెట్టానో నాకే తెలుసు. నాకు కుదరనిది ఈ బొంగురు గొంతు మనిషి పుస్తకాన్ని స్టూలు మీద పెట్టి సాధించింది. నా బిడ్డను చూసి గర్వపడాల్సిన నిమిషంలో నేను సునందను చూస్తూ కుతకుతలాడిపోయాను. ఈ రోజుకీ ఆ నిమిషం తలుచుకుంటే గర్వం తర్వాతే వస్తుంది.

తర్వాతి వారం సునంద ఊరికి వచ్చే వ్యవసాయ శాఖ అమ్మాయిని బడికి పిలిచింది. ఆ అమ్మాయి ఫోన్లో వీడియో చూపించింది. యంత్రం నిజంగానే ఉంది. అక్కడ చేనంతా ఒకేసారి పగిలేటట్టు పెంచుతారట, ముందే మందు కొట్టి ఆకు రాలుస్తారట. మన దగ్గర కాయ దఫాలుగా పగులుతుంది కాబట్టి మనుషులు మళ్ళీ మళ్ళీ ఏరాల్సిందేనట. పిల్లలు ఫోన్ చుట్టూ మూగి చూశారు. పుస్తకం చెప్పింది నిజమే, కానీ ఏ దేశం మాటో చెప్పకపోవడం దాని తప్పు అని తీర్పు మార్చారు. అంతా అయ్యాక మౌనిక మెల్లగా అడిగింది.

"గా మిషన్ మన ఊరికొస్తె మా అమ్మ యాడికి పోవాలె టీచర్?"

వ్యవసాయ శాఖ అమ్మాయి ఫోన్ తీసి సంచిలో పెట్టుకుంది. నేనైతే ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, ఏం కాదు బిడ్డా, అది మన దగ్గరికి రాదు, ఫికర్ చెయ్యకు అని ఉండేదాన్ని. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సునంద మౌనిక పక్కన నేల మీద కూర్చుంది. "నాకు తెల్వదు బిడ్డా. ఈ పుస్తకానికి గూడ తెల్వదు. రాసినోళ్ళు మీ అమ్మను అడగలే. నువ్వు అడిగి వస్తవా?" అంది. మౌనిక అడిగి వచ్చింది. తెల్ల కాగితం మీద నెత్తికి తువ్వాల కట్టుకున్న మనిషిని గీసి, కింద వాళ్ళమ్మ చెప్పింది చెప్పినట్టు రాసింది. కాయ ముల్లు గోరు సందుల గుచ్చుకుంటది. ఎండకు కండ్లు మండుతయి. మిషన్ వస్తదో రాదో మాకు ఎవరు చెప్పలే. ఆ కాగితాన్ని యంత్రం బొమ్మ ఉన్న పేజీకి ఎదురుగా అతికించారు. సునంద ఆ పుస్తకాన్ని తెచ్చి నాకు చూపించింది. "బాగుంది" అన్నాను. ఇంకా ఏమన్నా అంటానేమోనని కాసేపు నిలబడి వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళకు ఆమెకు తొర్రూరు దగ్గరి బడికి బదిలీ అయింది. పీడ విరగడైందనుకున్నాను గానీ కాలేదు. కీర్తి ఇంటర్ అయ్యాక, ఇంజనీరింగ్ వద్దని పట్టుబట్టి వ్యవసాయ కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఫలితం వచ్చిన రోజు నేను వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తున్నాను. ముందు గదిలోంచి కీర్తి ఫోన్లో, "టీచర్, సీటొచ్చింది! ఫస్ట్ మీకే చెప్తాన" అన్న మాట వినిపించింది. ఆ తర్వాత వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. నేను రెండోదాన్ని. బీరకాయ పక్కన పెట్టి నేనూ వాటేసుకున్నాను, నవ్వాను, చక్కెర నోట్లో పోశాను. ఆ "ఫస్ట్" అన్న మాట మాత్రం చక్కెరతో పోలేదు.

ఆ తర్వాత సునందకు జబ్బు చేసింది. దవాఖానలో ఉందని తెలిసి కీర్తి, నేను వెళ్ళాం. బక్కచిక్కిపోయింది. గొంతు ఇంకా బొంగురు పోయింది. వాళ్ళిద్దరూ పురుగు మందుల గురించిన పుస్తకమేదో పట్టుకుని, అందులో ఏ మాటకు ఆధారం ఉందో ఏ మాటకు లేదో అని వాదించుకుంటూ కూర్చున్నారు. నేను మంచం పక్కన బత్తాయి ఒలుస్తూ, తొనలు అందిస్తూ ఉన్నాను. చావుకు దగ్గరైన మనిషిని చూసి కూడా నా బిడ్డ నాతో ఇట్లా ఎన్నడైనా మాట్లాడిందా అని లెక్కలు వేసుకున్నాను. నెల తిరగకముందే సునంద పోయింది.

తొర్రూరు బడిలో సంతాప సభ పెట్టారు. పాత స్నేహితురాలినని నన్ను మాట్లాడమన్నారు. మాట్లాడటం నాకు వెన్నతో పెట్టిన విద్య. సునంద కోపమన్నది ఎరుగదన్నాను, పిల్లలను పల్లెత్తు మాట అనలేదన్నాను, నాకు తోడబుట్టిన చెల్లెలికన్నా ఎక్కువన్నాను. గొంతు ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. సభలో కొంగులన్నీ కళ్ళకు వెళ్ళాయి. కీర్తి ఒక్కతే కళ్ళు తుడుచుకోకుండా నన్ను చూస్తూ కూర్చుంది. తిరుగు బస్సులో, వర్ధన్నపేట దాటాక నావైపు తిరిగి అడిగింది.

"అమ్మా, నువ్వు స్టేజి మీద చెప్పింది ఎవరి గురించి?"

"ఎవరి గురించేందే? మీ టీచర్ గురించే."

"మా టీచర్ కు మస్తు కోపం. అందరం కలిసి అవును టీచర్ అంటె సుద్దముక్క ఇసిరికొడుతుండె. చెల్లె అన్నవు. ఒక్కనాడన్న మన ఇంటికి పిలిచినవా?"

"పోయినోళ్ళ గురించి మంచిగ చెప్పాలె బిడ్డా."

"మంచిగ చెప్పమ్మా. కని నిజంది చెప్పు. నువ్వు చెప్పిన టీచర్ నాకు తెల్వదు" అని కిటికీ వైపు తిరిగింది. చిన్నప్పుడు సొరంగాన్ని పక్కన పెట్టినప్పుడు నాకు కలిగిన భయం ఉత్త భయం కాదని అప్పుడు తెలిసింది. నా బిడ్డ నా మాటను నమ్మడం లేదు. నమ్మించే దారి ఒక్కటే ఉంది, ఉన్నదున్నట్టు చెప్పడం, అదేమో నాకు చేతకానిది. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. ఇందులో గొంతు వణికించలేదు. నాకు తెలిసిన సునంద ఇదీ. కోపిష్టి, గొంతు లేనిది, పిల్లలకు తెలియదని చెప్పడానికి భయపడనిది, నా బిడ్డకు నాకన్నా ముందుది. ఇప్పుడు తరగతిలో పుస్తకం చదివేటప్పుడు నా ముఖాన్ని నేను కాపలా కాస్తాను. కనుబొమ్మ ఎగరబోతే ఆపుతాను. పిల్లలు పేజీ చూసి, ఆలోచించి, నాకు అడ్డం తిరిగేదాకా ఓపిక పడతాను. ఆ ఓపిక ఆమెది. వాడుకున్న ప్రతిసారీ కుళ్ళుకుంటూనే వాడుకుంటాను.

రాసింది తెచ్చి కీర్తికి ఇచ్చాను. సోఫాలో కాళ్ళు ముడుచుకుని, ఒక్కో కాగితమూ నింపాదిగా చదివింది. నేను ఎదురుగా కూర్చుని ఆమె ముఖంలోకే చూస్తున్నాను. చదవడం అయ్యాక కాగితాలు ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది మా టీచరే" అంది. నాకు ఊపిరి ఆడింది. "కని ఒకటి తక్కువున్నది. నువ్వు ఆమె గురించి ఏమనుకున్నవో అంత రాసినవు. ఆమె నీ గురించి ఏమనుకునేదో లేదు."

"నాకెట్ల తెలుస్తదే?" అన్నాను. తర్వాత, ఎందుకో, "నీకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు. నువ్వు మూడో తరగతిల కథ చెప్తాంటె మా క్లాసుల పాఠం ఆగిపోయేది. మన రెండు రూముల నడుమ గోడ పైదాక లేకుండె గదా. 'జర ఆగున్రి పిల్లలూ, అక్క కథ అయిపోనియ్యిన్రి' అనేది. మాతోని కూసుండి మొత్తం వినేది. ఒకనాడు కండ్లు తుడుచుకున్నది గూడ. 'మీ అమ్మను చూస్తె కుళ్ళు పుడ్తదే కీర్తీ, గట్ల చెప్పుడు నాకు ఈ జన్మల రాదు' అన్నది నాతోని."

ఆమె ఒళ్ళోని కాగితాలు నా చేతిలోకి తీసుకున్నాను.

"ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు అడగలే గదమ్మా" అంది కీర్తి.